కోపం, అలక, టెన్షన్: మీ తీరు మీరే కనిపెట్టి కాస్త మార్చుకోవడం ఎలా

తిరుపతి రైల్వే స్టేషన్‌కి నడిచిపోయేంత దూరంలో ఒక లాడ్జి కౌంటర్లో పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను. శనివారం తెల్లవారుజామున మూడున్నరకి రైలు దిగి, భుజం మీద నిద్రపోతున్న పిల్లతో, చక్రం ఊడిన సూట్‌కేసుతో వచ్చే కుటుంబానికి "రూములు లేవు సామీ" అని చెప్పడం నా ఉద్యోగంలో సగం. ఆ మాట వినగానే ఒకాయన చేతులు జోడిస్తాడు, ఇంకొకాయన కౌంటర్ మీద గుద్దుతాడు, ఒకావిడ బెంచీ మీద కూలబడి కళ్లు తుడుచుకుంటుంది. అందరూ అలసిపోయే వచ్చారు, అందరూ విన్నదీ ఒకే మాట, మరి ఈ తేడా ఎక్కణ్ణుంచి వస్తుందబ్బా అని ఆలోచించీ ఆలోచించీ చివరికి దూరవిద్యలో సైకాలజీ ఎం.ఏ. కట్టాను. పాసయ్యాను కూడా. ఉద్యోగం మారలేదు గానీ, ఆ చదువును ముందు నా మీదే ప్రయోగించి చూశాను. ఏం చేశానో, మీరు చేయాలంటే ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక చిక్కు విప్పాలి. మన భావాలనీ ఎదుటివాళ్ల భావాలనీ తెలుసుకుని మెలగడాన్ని ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటారు. ఆ పేరు మీద రెండు వేర్వేరు సరుకులు తిరుగుతున్నాయి. 1990లో అమెరికాలో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే మనస్తత్వవేత్తలు దీన్ని ఒక సామర్థ్యంగా చెప్పారు. ఎదుటివాడి ముఖం చూసి ఏ భావమో పోల్చుకోవడం లాంటిది, లెక్కల పరీక్షలాగా తప్పొప్పులు ఉంటాయి. 1995లో డేనియల్ గోల్‌మన్ అదే పేరుతో రాసిన పుస్తకం వచ్చాక ఆ మాట ఆఫీసుల్లోకీ ఇంటర్వ్యూల్లోకీ పాకిపోయింది. తర్వాత 2000, 2001 ప్రాంతంలో లండన్‌లో కె.వి. పెట్రైడ్స్, ఏడ్రియన్ ఫర్న్‌హామ్ అనే ఇద్దరు, రెండింటినీ కలపొద్దు, సామర్థ్యం వేరు, స్వభావం వేరు అన్నారు. స్వభావం అంటే, నా భావాలతో నేను మామూలుగా ఎలా మెలుగుతానని నాకు అనిపిస్తుందో అది. మా వీధి చివర స్టాండులో ఒక ఆటో అన్న ఉన్నాడు. బేరం మొదలవకముందే ముఖం చూసి ఎవరు ఎంతకి ఒప్పుకుంటారో చెప్పేస్తాడు. ఆ సామర్థ్యానికి నూటికి నూరు వేయొచ్చు. ఇంట్లో తన కొడుకుతో మాత్రం నాలుగు మాటలు దాటితే గొడవే, ఆ సంగతి ఆయనే ఒప్పుకుంటాడు. మనం ఇక్కడ పట్టుకోబోయేది ఈ రెండోదాన్ని, రోజువారీ తీరుని.

1. ఈ రోజు మీరు ఎలా ఉన్నారో ఒక అంకె వేసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లది ఐదు ప్రశ్నల చిన్న కొలత ఒకటి ఉంది, 1998 నుంచి వాడుకలో ఉంది. గత రెండు వారాల్లో: మనసు ఉల్లాసంగా ఉందా, ప్రశాంతంగా అనిపించిందా, ఒంట్లో చురుకు ఉందా, నిద్ర లేచినప్పుడు హుషారుగా లేచారా, రోజులో మీకు ఇష్టమైన విషయాలు ఉన్నాయా. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు దాకా వేసుకోవాలి. అస్సలు లేదు అంటే సున్నా, ఎప్పుడూ అలాగే ఉంది అంటే ఐదు. మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే నూటికి ఎంతో వస్తుంది. నాకు మొదటిసారి 44 వచ్చింది. 50 లేదా అంతకన్నా తక్కువ వస్తే భయపడక్కర్లేదు, అది జబ్బు అని తేల్చినట్టు కాదు, కానీ ఒకసారి డాక్టరుతోనో కౌన్సిలర్‌తోనో మాట్లాడటం మంచిది. డాక్టరు దాకా వెళ్లాలంటే మొహమాటమైతే ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ ఫోన్ చేయండి.

నోట్‌బుక్ మొదటి పేజీలో తేదీ, ఈ అంకె రాసిపెట్టుకోండి. చివర్లో పనికొస్తుంది.

2. మీ బొమ్మ మీరు గీయండి, తర్వాత ఇంట్లోవాళ్లకి చూపించండి

పెట్రైడ్స్ తయారుచేసిన ప్రశ్నాపత్రానికి 30 వాక్యాల చిన్న రూపం ఉంది, ఒక్కో వాక్యానికి ఒకటి నుంచి ఏడు దాకా వేసుకుంటూ పోవాలి. దాంట్లో ఉన్నదంతా స్థూలంగా నాలుగు గదులు: తృప్తి (నా మీద, నా బతుకు మీద నాకు ఎలాంటి అభిప్రాయం), అదుపు (ఒత్తిడిలో, ఆవేశంలో ఎలా ఉంటాను), భావాలతో చనువు (నావీ ఎదుటివాళ్లవీ తెలుస్తాయా, చెప్పగలనా), నలుగురిలో మెలకువ (నా మాట నేను గట్టిగా చెప్పగలనా, ఎదుటివాణ్ణి ఒప్పించగలనా). అసలు ప్రశ్నాపత్రం మీ దగ్గర లేకపోయినా ఫర్వాలేదు. ఒక పేజీని నాలుగు గళ్లుగా చేసి ఒక్కో గడిలో మీ గురించి రెండు మూడు వాక్యాలు రాయండి. "నేను మంచివాణ్ణి" లాంటివి కాదు, ఈ వారంలో జరిగినది ఏదైనా.

ఇప్పుడు కష్టమైన భాగం. అది మీతో రోజూ ఉండేవాళ్లకి ఇవ్వండి. అదుపు గడిలో నేను చాలా గొప్పగా "నాకు కోపం తక్కువ" అని రాసుకున్నా. మా ఆవిడ చదివి నవ్వింది. "నీకు కోపం తక్కువని ఎవురు చెప్పినారు? నువ్వు అరవవు, అంతే. మూడు దినాలు మాట్లాడవు. దానికన్నా అరిస్తేనే మేలు." పదిహేనేళ్ల కాపురంలో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదే అంటే, నువ్వు ఎప్పుడు అడిగినావు అంది.

ఈ కొలత అంతా మన గురించి మనం చెప్పుకున్నది కాబట్టి అందులో ఈ లొసుగు ఎప్పుడూ ఉంటుంది. ఇంకో లొసుగు కూడా ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. ఈ స్వభావం బాగున్నవాళ్లు సంతోషంగా ఉంటారని పరిశోధనలన్నీ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి, నిజమే. కానీ పైన మొదటి గది చూడండి, తృప్తి. కొలతలోనే సంతోషాన్ని ఒక భాగంగా పెట్టి, ఆ కొలతకీ సంతోషానికీ సంబంధం ఉందంటే కొంత సంబంధం ముందే చేతికిచ్చినట్టే కదా. 2016లో ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు, మన గురించి మనం చెప్పుకునే కొలతల్లో ఆ సంబంధం 0.3, 0.4 మధ్య తేలింది (1 అంటే రెండూ పూర్తిగా కలిసి నడిచినట్టు), తప్పొప్పుల పరీక్షలాగా కొలిస్తే 0.2 చిల్లరకి తగ్గింది. అంటే సంబంధం ఉంది, మరీ ప్రచారంలో చెప్పేంత లేదు. అందుకే నేను మొత్తం మార్కుల జోలికి పోకుండా అదుపు, భావాలతో చనువు అనే రెండు గదుల మీదే పని చేశాను. తృప్తి దానంతట అది వస్తే వస్తుంది.

3. రెండు వారాలు లెక్క రాయండి

రోజూ పెద్ద డైరీ రాయమంటే ఎవరూ రాయరు, నేనూ రాయను. మనసు ఎగిరిన ప్రతిసారీ ఒక్క గీత చాలు: టైము ఎంత, ఒంట్లో ఎక్కడ తెలిసింది, పక్కన ఎవరున్నారు, అప్పటికి అన్నం తిన్నారా లేదా. ఈ నాలుగే. ఎందుకు వచ్చింది, తప్పెవరిది అని అప్పుడే రాయొద్దు, రాస్తే అది వకీలు రాసిన కాగితంలా తయారవుతుంది.

నేను ఇది ఎందుకు మొదలుపెట్టానంటే, ఒక శనివారం జరిగింది చెప్పాలి. మూడో అంతస్తులో గీజర్ పనిచేయలేదు. గుండు చేయించుకుని, నున్నటి తల మీద చందనం ఇంకా తడారని పెద్దాయన ఒకాయన కిందికి దిగొచ్చి, పదిమంది ముందు నన్ను అనరాని మాటలన్నాడు. నేను నవ్వుతూనే "ఇప్పుడే పంపిస్తా సార్" అన్నాను. పక్కనే ఓనరు కూర్చుని అంతా చూస్తున్నాడు. పది నిమిషాలు గడవకముందే మెట్ల మీద దుప్పట్ల మూట పెట్టాడని మా రూంబాయ్ మీద విరుచుకుపడ్డాను. పందొమ్మిదేళ్ల పిల్లోడు, నా కోసమే టీ పట్టుకొచ్చాడు ఆ టైముకి. ఏమీ అనకుండా గ్లాసు కౌంటర్ మీద పెట్టి మూట ఎత్తుకుని వెళ్లిపోయాడు. నేను ఆ టీ తాగలేకపోయాను, సాయంత్రం దాకా అక్కడే మీగడ కట్టి ఉండిపోయింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, ఆ దుత్త ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను.

రెండు వారాల తర్వాత నా గీతలు కూడితే రెండు విషయాలు తేలాయి. సగానికి పైగా గీతలు మధ్యాహ్నం రెండుకీ నాలుగుకీ మధ్యవే, అన్నం తిననివే. ఇక చాలా గీతల్లో "పక్కన ఎవరు" అన్నచోట ఓనరు ఉన్నాడు. అంటే యాత్రికులు తిట్టినందుకు కాదు, వాళ్లు తిట్టడం ఓనరు చూసినందుకు నాకు మండుతోంది. ఇన్నాళ్లూ నేను కోపం అనుకున్నది కోపమే కాదు.

4. సరైన మాట వెతకండి

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు. 2007లో కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్మన్ బృందం కొందరికి కోపంగా, భయంగా ఉన్న ముఖాలు చూపిస్తూ మెదడు స్కాన్ తీసింది. ఆ భావానికి పేరు పెట్టమన్నప్పుడు మెదడులో అమిగ్డలా అనే భాగం, అదే ప్రమాదం ప్రమాదం అని గంట కొట్టే భాగం, కాస్త నెమ్మదించింది. ముఖాన్ని ఊరికే చూసినా, భావానికి బదులు మనిషికి పేరు వెతకమన్నా అంతగా నెమ్మదించలేదు. పేరు పెట్టడమే పనిచేసింది.

మరి మనం పెట్టే పేర్లు ఏమిటి? ఇప్పుడు అన్నిటికీ టెన్షన్ అంటున్నాం. కూతురు ఇంకా ఇంటికి రాలేదు, టెన్షన్. ఈఎంఐ కట్టాలి, టెన్షన్. బావమరిది కారు కొన్నాడు, అదీ టెన్షనే. తెలుగులో ఇన్ని మాటలుండగా ఎందుకీ దరిద్రం! అలక ఉంది, అది పరాయివాళ్ల మీద రాదు, బతిమాలతారన్న నమ్మకం ఉన్నచోటే వస్తుంది. రోషం ఉంది, మన మర్యాదకి దెబ్బ తగిలినప్పుడు లేచేది. ఉక్రోషం వేరు, ఏమీ చేయలేనప్పుడు కళ్లలో నీళ్లతో వచ్చే కోపం, చిన్నపిల్లలు కాలు నేలకేసి కొడతారు చూడండి, అది. చిరాకుకి మనిషి అక్కర్లేదు, ఎండ చాలు. గుబులు జరగబోయేదాని గురించి, దిగులు జరిగిపోయినదాని గురించి, బెంగ దగ్గర లేని మనిషి గురించి. నామోషీ అంటే నలుగురి కళ్లలో చిన్నబోవడం. మొహమాటం గురించి చెప్పేదేముంది, ఇష్టం లేని పెళ్లి భోజనాల నుంచి ష్యూరిటీ సంతకాల దాకా మన జిల్లాలో సగం కష్టాలకి మూలం అదే అని నా అభిప్రాయం.

గీత పక్కన ఈ మాటల్లో ఏది సరిపోతుందో రాయండి. నాది నామోషీ. కోపమైతే ఎదుటివాడితో తేల్చుకోవాలి, నామోషీ అయితే నాతో నేను తేల్చుకోవాలి. పేరు మారితే మందు మారింది.

పక్కనే మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి దీనికి అడ్డం చెప్పేవారు. కోపం అని పేరు పెట్టగానే పాత జ్ఞాపకాలన్నీ వచ్చి దాన్ని కప్పేస్తాయి, పేరు పెట్టకుండా ఊరికే చూడు అనేది ఆయన మాట. నేను ఆయనతో వాదించేంతటి వాణ్ణి కాదు. కౌంటర్ దగ్గర నిలబడి పేరు లేకుండా చూడటం నా వల్ల కాలేదు, అంతే. మీకు చేతనైతే అలాగే చూడండి.

5. మింగొద్దు, కక్కొద్దు, ఇంకో వైపు నుంచి చూడండి

మన ఇళ్లల్లో ఓర్పు అని మెచ్చుకునేది చాలాసార్లు మింగడమే. జేమ్స్ గ్రాస్, ఆలివర్ జాన్ అనే మనస్తత్వవేత్తలు 2003లో రెండు అలవాట్లను పోల్చి చూశారు. వచ్చిన భావాన్ని ముఖంలో కనబడకుండా అణిచిపెట్టడం ఒకటి, అది ముదరకముందే పరిస్థితిని వేరేగా చూడటం ఇంకోటి. రెండో అలవాటు ఉన్నవాళ్లు సంతోషంగా, మనుషులతో దగ్గరగా ఉన్నారు. అణిచిపెట్టేవాళ్లు పైకి ప్రశాంతంగా కనిపించినా లోపలి మంట తగ్గలేదు, పైగా స్నేహాలు పలచబడ్డాయి. నా మూడు రోజుల మౌనవ్రతం ఆ మొదటి జాతిదే.

అట్లని కక్కేస్తే తగ్గుతుందా? తగ్గదు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ ప్రయోగంలో, తమని తిట్టినవాణ్ణి తలుచుకుంటూ బస్తాని గుద్దినవాళ్లకి కోపం పెరిగింది, ఊరికే కూర్చున్నవాళ్లకే తక్కువ ఉంది. మే నెలలో మన గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు ఎంత మాటన్నా ఎవరూ తప్పు పట్టరు, నిజమే. కానీ దానికి వారం గడువుంది, వేషం అనే హద్దుంది, పైన అమ్మవారుంది. రోజూ ఇంట్లో జాతర చేస్తే ఎవరూ దండం పెట్టరు.

వేరేగా చూడటం అంటే ఏమిటో మా లాడ్జిలో రోజూ కనబడుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు గోవిందా గోవిందా అంటూ నవ్వుతూ ఎక్కొచ్చిన మనిషే, మా లిఫ్టు చెడిపోతే మూడో అంతస్తుకి ఎక్కమన్నందుకు నాతో యుద్ధానికి దిగుతాడు. కాళ్లు అవే. అక్కడ ప్రతి మెట్టూ మొక్కు, ఇక్కడ ప్రతి మెట్టూ మోసం. మీ గీతల్లో ఒకదాన్ని తీసుకుని, అదే సంగతికి నిజమయ్యే అవకాశమున్న ఇంకో అర్థం ఒక్కటి రాయండి. నిజమయ్యే అవకాశం ఉండాలి సుమా, లేనిపోని మంచి ఊహించుకోమని కాదు. నేను రాసింది: "ఈయన నన్ను తిట్టడం లేదు, పద్దెనిమిది గంటలు క్యూలో నిలబడ్డ కాళ్లు తిడుతున్నాయి."

దీనికి ఒక హెచ్చరిక. జీతం ఎగ్గొట్టేవాణ్ణి, చెయ్యి చేసుకునే మొగుణ్ణి వేరేగా చూడాల్సిన పనిలేదు. అక్కడ కోపం సరిగ్గానే చెబుతోంది, దాని మాట విని సాయం వెతుక్కోండి.

6. ఒకే ఒక్క సందర్భానికి ఒకే ఒక్క ఏర్పాటు

"ఇకనుంచి కోప్పడను" అనేది ఉగాది నాటి శపథం, విదియ దాటదు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో రాసిన పద్ధతి దీనికన్నా మేలు: ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే జత కట్టిపెట్టుకోవడం. ఎంత చిన్నదైతే అంత మంచిది. నావి రెండు. రెండు గంటలు కొడితే, ఎవరున్నా లేకున్నా, క్యారియర్ తెరుస్తాను. ఎవరైనా గొంతు పెంచితే, జవాబు చెప్పే ముందు రిజిస్టర్ మూసి పెన్ను దాని మీద పెడతాను. పెన్ను పెట్టేసరికి రెండు మూడు సెకన్లు పడుతుంది, ఆ పాటి సందు చాలు. మొదటి వారంలో సగం సార్లు మర్చిపోయాను, అయినా ఫర్వాలేదు.

7. పగిలింది అతికించండి

ఎంత చేసినా మళ్లీ నోరు జారతారు. జారాక అతికించడం కూడా ఈ పనిలో భాగమే, అందులోనూ మనకన్నా చిన్నవాళ్ల దగ్గర. ఆ గీజర్ గొడవ మర్నాడు పొద్దున మా రూంబాయ్ పిల్లోణ్ణి పిలిచి, "రేయ్ నాయనా, నిన్న నీ తప్పేం లేదురా. ఎవరో నన్నన్న మాట తెచ్చి నీ మీద పోసినా" అన్నాను. వాడు "పోనీలేన్నా, టీ తాగు" అన్నాడు. "సారీ, కానీ నువ్వు కూడా మెట్ల మీద మూట పెట్టకుండా ఉండాల్సింది" అనకండి. ఆ "కానీ" వచ్చిందంటే సారీ వెనక్కి తీసుకున్నట్టే. మూట సంగతి ఇంకో రోజు చెప్పుకోవచ్చు.

8. రెండు నెలలకి మళ్లీ కొలవండి

స్వభావం మారుతుందా, పుట్టుకతో వచ్చింది కదా అని అడుగుతారు. కవలల మీద 2008లో చేసిన అధ్యయనంలో ఈ స్వభావంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో దాదాపు 40 శాతం జన్యువుల వల్ల అని తేలింది. మా నాయనదీ నా మౌనవ్రతమే, నాకు ఆశ్చర్యం లేదు. మిగతాది మాత్రం పుట్టుకతో రాసిపెట్టింది కాదు. 2009లో బెల్జియంలో కొందరు విద్యార్థులకి వారానికొకటి చొప్పున నాలుగు క్లాసులు, ఒక్కోటి రెండున్నర గంటలు, తమ భావాలను గుర్తుపట్టడం, సర్దుకోవడం నేర్పిస్తే, ఆరు నెలల తర్వాత చూసినా ఆ మార్పు నిలిచే ఉంది. చిన్న గుంపు మీద చేసింది కాబట్టి నేను దాని మీద మరీ పెద్ద ఆశలు పెట్టుకోలేదు.

అవే ఐదు ప్రశ్నలు మళ్లీ వేసుకోండి, అవే నాలుగు గళ్లు మళ్లీ రాయండి, మొదటి పేజీ చూడకుండా. తర్వాత పక్కపక్కన పెట్టండి. మొదట 50 లోపు వచ్చి, ఇప్పుడూ అక్కడే ఉంటే ఇక ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి, నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి, వాళ్లకి పనికొస్తుంది. నాకు రెండోసారి 60 వచ్చింది. అందులో మధ్యాహ్నం అన్నం వాటా ఎంత, మిగతా వాటా ఎంత అనేది విడదీసి చెప్పలేను.

గళ్ల కాగితం మళ్లీ మా ఆవిడకి ఇచ్చాను. ఈసారి అదుపు గడిలో "మాట్లాడటం మానేస్తాను, ఇప్పుడు తెలుస్తోంది" అని రాశాను. చదివి, వేళ్లు లెక్కపెట్టి, "మూడు దినాలది ఒకటిన్నర దినానికి దిగింది" అంది. మిగిలిన ఒకటిన్నర కోసం గాంధీ రోడ్డులో ఇంకో నోట్‌బుక్ కొన్నాను.